అడగని కవరు

మా పత్రికాఫీసులో మెట్ల కింద పొడుగాటి గది ఒకటుంది. కిటికీ లేదు. పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. ఆ గదిలో ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చున్న మనిషిని ఆఫీసంతా కత్తెర అని పిలిచేది. అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను మాత్రం అన్నయ్యా అనేదాన్ని. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆయన నన్ను "అమ్మాయ్" అన్నాడు. ఇప్పుడు నాకు యాభై మూడేళ్ళు, జుట్టు సగం నెరిసింది, మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. అయినా అదే పిలుపు. ఒకసారి కోప్పడ్డాను కూడా. "సరేలే అమ్మాయ్, ఇకనుంచి అననులే," అన్నాడు.

నా పని ప్రూఫులు దిద్దడం. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకుని బతికేదానివి, నీకు ముక్కు మీద కోపం ఉండక ఇంకేం ఉంటుంది అంటాడు మా ఆయన. కాబట్టి ఈ సంగతి చెబుతూ మధ్యలో ఎవరిమీదన్నా విసుక్కుంటే సర్దుకోండి.

అన్నయ్య పని ఇదీ. పొద్దున తొమ్మిదింటికి ఆ రోజు పత్రికలన్నీ రెండేసి కాపీలు ఆయన బల్ల మీదికి వచ్చేవి. రెండెందుకంటే, ఒక పేజీలో వార్త కత్తిరిస్తే దాని వెనక పేజీలో వార్త నడుం విరుగుతుంది. స్టీలు స్కేలు ఆనించి, ఒక్కో వార్తా కోసి, తెల్లకాగితం మీద అంటించి, తేదీ ముద్ర కొట్టి, కవరులో పెట్టేవాడు. కవరు మీద విషయం పేరు ఉండేది. వంతెనలు. వరదలు. సమ్మెలు. దొంగ నిల్వలు. కోర్టులో కొట్టేసిన కేసులు. అలాంటి కవర్లు పదకొండు వేల పైచిలుకు. కంప్యూటర్లు వచ్చాక కొత్తవన్నీ వాటిలోకి పోయాయి గాని, పాత సంగతి కావాలంటే ఎంతటివాడైనా తల వంచుకుని ఆ గదిలోకి దూరాల్సిందే. గుమ్మం ఎత్తు అంత తక్కువ.

ఆయనకు పని నేర్పిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టి పోయాడు. ఏ కవరు అడిగితే ఆ కవరే ఇవ్వాలి, పక్క కవరు ఊసెత్తకూడదు. "ఇంకోటి కూడా చేతిలో పెట్టావంటే అది నీ అభిప్రాయం పెట్టినట్టే. ఈ గదికి అభిప్రాయాలు లేవు," అనేవాడట. అన్నయ్యకు ఆ మాటంటే ప్రాణం. పెద్దపెద్దవాళ్ళు వచ్చి ఒక్క కాగితం తీసెయ్యమని బతిమాలినా తియ్యలేదు, ఒక్కటి చేర్చమన్నా చేర్చలేదు. మేమంతా ఆయన్ని చూసి గర్వపడేవాళ్ళం. నేనైతే మరీను. పద్ధతి అంటే నాకూ అంత పిచ్చే ఉండేది.

ముప్పై ఒక్క ఏళ్ళ కింద ప్రభుత్వం కూలిపోయింది. ఊరు తొమ్మిది రోజులు తలుపులు బిగించుకు కూర్చుంది. పుస్తకాల్లో ఇప్పుడు దానికి పెద్ద పేరే పెట్టారు. చారిత్రక మలుపు అనీ, యుగసంధి అనీ రాస్తారు. మేము మాత్రం తొమ్మిది రోజులు అనే అంటాం. రైళ్ళు ఆగాయి. దుకాణాలు మూసేశారు. పోలీసులు ఎవరి మాట వినాలో తెలియక స్టేషన్లలోనే కూర్చున్నారు. నాలుగో రోజుకి ఊళ్ళో తెరిచి ఉన్న బేకరీలు మూడే. వాటి ముందు క్యూలు వీధి మలుపు తిరిగి ఎక్కడిదాకా పోయేవో కనిపించేది కాదు.

ఆ మూడింటిలో ఒకటి అన్నయ్య వాళ్ళ బావగారిది. నేను అక్కడే బ్రెడ్డు కొనేదాన్ని, అందుకని ఆయన నాకు బాగా గుర్తు. పొయ్యి వేడికి ముంజేతుల మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. ఆవిడ, అంటే అన్నయ్య అక్క, కౌంటర్లో నిలబడేది. తల్లి పోయాక అన్నయ్యను పెంచింది ఆ అక్కే. పదేళ్ళు పెద్దది. తమ్ముడికి స్నానం చేయించడం దగ్గర్నుంచి ఉద్యోగానికి దరఖాస్తు రాయించడం దాకా అన్నీ తనే. ఆ నెలలో ఒక పిల్లను చూసి, మాట్లాడి, ఇక తాంబూలాలే తరువాయి అన్నంతదాకా తెచ్చింది. అన్నయ్య ఆ రోజుల్లో ఆ గదిలో ఈల వేసుకుంటూ కత్తిరించేవాడు. వేసింది ఈలే గాని అందులో పాట ఉండేది కాదు.

ఐదో రోజున ఒక విలేకరి మెట్ల కిందికి వచ్చాడు. బేకరీల్లో పిండి దాస్తున్నారని క్యూలో జనం అనుకుంటున్నారు, "దొంగ నిల్వలు" కవరు కావాలన్నాడు. ఆ కవర్లో నలభైకి పైగా కటింగులు ఉన్నాయి. అందులో ఆరేళ్ళ నాటిది ఒకటి: అన్నయ్య బావగారి దుకాణంలో నలభై బస్తాల పిండి దొరికిందనీ, అరెస్టు చేశారనీ. అది నిజమే. వారం తర్వాత, ఆ పిండి ఆసుపత్రి ఆర్డరు తాలూకుదని కాగితాలు చూసి కోర్టు కేసు కొట్టేసింది. అదీ నిజమే. కాని ఆ రెండో వార్త ఉన్నది వేరే కవర్లో. రెండూ అన్నయ్య తన చేత్తో కత్తిరించి, అంటించి, తలోచోటా పెట్టినవే.

ఆయనకు గుర్తుంది. మరిచిపోయి ఇవ్వలేదంటే నేనే నమ్మను. బావది కాబట్టే ఇవ్వలేదు. అడగని కవరు తెచ్చి పెడితే, తన వాళ్ళను కాపాడుకుంటున్నాడు చూడమంటారని భయపడ్డాడు. ఇంకెవరి కేసయినా, పద్ధతి మీద ఎంత ప్రాణం ఉన్నా, ఒక్క మాట నోరు జారేవాడేమో. అయినవాడు కాబట్టి బిగదీసుకుని కూర్చున్నాడు. కవరు ఇచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాడు.

ఆ సాయంత్రం వార్త ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. పాత నేరస్తుడే మళ్ళీ పిండి దాచాడని రాశారు. కింద దుకాణం చిరునామా. డోరు నంబరు తప్పు పడింది. నాకు ఆ దుకాణం తెలుసు కదా, నేనే దిద్దాను. ఎర్రసిరాతో, అందంగా, అంచున గీతగీసి మరీ దిద్దాను. వార్త నిజమా అని నాకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. కాని అది నా పని కాదనుకున్నాను. నంబరు సరిచేసి, శభాష్ అనిపించుకున్నట్టు ఇంటికి పోయాను. ఈ ముక్క మా ఆయనకు కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మర్నాడు పదింటికి జనం ఆ చిరునామాకు వెళ్ళారు. దొరికినంత పిండి పట్టుకుపోయి, దుకాణానికి నిప్పు పెట్టారు. అందరూ క్యూలో నిలబడేవాళ్ళే. ఇరుగుపొరుగే. దుకాణం వెనక పొయ్యికి నూనె వచ్చే గొట్టం ఉంది. దాని కుళాయి కట్టకపోతే వీధి మొత్తం అంటుకునేది. బావగారు లోపలికి పోయి కుళాయి కట్టి వచ్చాడు. ఆ కుళాయి అప్పటికే ఎర్రగా కాలి ఉంది. రెండు చేతులూ మణికట్టుదాకా పోయాయి. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు గాని, మళ్ళీ ఎప్పుడూ పిండి పిసకలేదు.

ఊరు సర్దుకున్నాక, పన్నెండో రోజున, మా పత్రిక ఆరో పేజీలో అడుగున నాలుగు లైన్ల సవరణ వేసింది. అన్నయ్య దాన్ని కత్తిరించాడు. అంటించాడు. తేదీ ముద్ర కొట్టాడు. "సవరణలు" కవర్లో పెట్టి, లైటు ఆర్పేసి, ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు.

అక్కడ వరండాలో జరిగింది ఆయన నాకు చెప్పిందే. అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. ఆరేళ్ళ కూతురు ఒళ్ళో నిద్రపోతోంది.

"అక్కా, ఆ కవరు ఇచ్చింది నేనే," అన్నాడు.

ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగింది. "మరి రెండో కాగితమో? కోర్టుది?"

"వాళ్ళు అడగలేదు."

"వాళ్ళు అడగలేదు," అని తనూ అన్నది, మెల్లగా, పాఠం ఒప్పజెప్పినట్టు. ఆ తర్వాత పిల్లను భుజానికెత్తుకుని వార్డులోకి వెళ్ళిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో తమ్ముడితో ఆవిడ ఆడిన చివరి మాట అదే.

చూసిన సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు పంపలేదు. అన్నయ్యా కదలలేదు. చుట్టాల్లో ఎవరన్నా ఆయన పేరెత్తితే అక్క లేచి పక్క గదిలోకి పోయేదట. పోగా పోగా ఎవరూ ఎత్తడం మానేశారు. ఆయన ఆఫీసుకు రెండు వీధుల అవతల మేడ మీద గదిలో ఉండిపోయాడు. ఒకసారి జ్వరమొస్తే చూడ్డానికి వెళ్ళాను. ఒక కంచం, ఒక గ్లాసు, ఒకటే కుర్చీ. కుర్చీ నాకిచ్చి ఆయన మంచం మీద కూర్చుంటే, జ్వరం మనిషి కదా పడుకోమని నేను, మర్యాద కాదని ఆయన, కాసేపు పోట్లాడుకున్నాం. వచ్చేటప్పుడు మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ గదిలో నా గొంతు వినడం గోడలకు కూడా కొత్తగా ఉన్నట్టనిపించింది.

పండగలకు, సెలవులకు ఆఫీసు మూసేస్తే ఆయనకు దిక్కు తోచేది కాదు. వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికి వచ్చి కవర్లు దులుపుకునేవాడు. యాభై ఎనిమిదికి రిటైర్ కావాలి. ఆ గది ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఉండమన్నారు. ఆ రెండేళ్ళూ ఆయనకు ఎవరో వరమిచ్చినట్టే ఉండేది.

ఇప్పుడు మళ్ళీ వచ్చింది. ధరలు మండిపోయాయి, కొత్త ఉత్తర్వులొచ్చాయి, విద్యార్థులు వీధుల్లోకొచ్చారు, లారీలు ఆగిపోయాయి. అప్పుడు ప్రభుత్వం కూలింది. ఇప్పుడు కూలుతోందో నిలబడిందో కూడా ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి ఊళ్ళో మాట మారిపోతోంది. బేకరీలు మూతబడుతున్నాయి. తెరిచిన చోట ఇంట్లో ఎంతమందో అడిగి, మనిషికి సగం బ్రెడ్డు చొప్పున కోసి ఇస్తున్నారు.

మా కొత్త ఎడిటర్‌గారికి ఈ గొడవలో గొప్ప ఆలోచన వచ్చింది. "చరిత్ర నేర్పే పాఠాలు" అని వరసగా ఆరు వ్యాసాలు వెయ్యాలి. ఆ తొమ్మిది రోజుల నుంచి ఈ రోజులు ఏం నేర్చుకోవాలి అని. ప్రొఫెసర్లకు ఫోన్లు చేశారు. మొదటి వ్యాసం నేనే దిద్దాను. పరివర్తన దశ, సంస్థాగత వైఫల్యం, జనచైతన్యం. మూడు సార్లు చదివినా ఊళ్ళో ఎవరి పొయ్యి వెలిగిందో ఎవరి చేయి కాలిందో అందులో లేదు. అక్షరం తప్పు కూడా లేదు, నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారంలోనే తుపాను మెట్ల కిందికి దిగాడు. తుపాను అంటే మా క్రైం విలేకరి. నడవడం చేతకాదు, పరుగే. మంచివాడే గాని ఒకచోట నిలబడితే కదా ఎవరి మాటైనా చెవిన పడేది.

"బాబాయ్, 'దొంగ నిల్వలు' కవరు ఉందా? పాతది. రైలుకట్ట పక్కన బేకరీ ఉంది కదా, ఒకావిడ నడిపేది? పొద్దున్నే వెనక గుమ్మంలోంచి బస్తాలు దింపుతున్నారట. వాళ్ళ నాన్న కూడా అప్పట్లో ఇదే పనిచేశాడట కదా!"

అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను, ఒక తేదీ సరిచూసుకోవడానికి వచ్చాను. అన్నయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాలిన చోటే తిరిగి కట్టిన ఆ బేకరీని నడిపేది ఆయన మేనకోడలు. ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద నిద్రపోయిన పిల్ల. తండ్రి పక్కన కూర్చుని నోటితో చెబుతుంటే పని నేర్చుకుందట. ఇప్పుడు కౌంటర్లో నిలబడేది మళ్ళీ ఆ అక్కే. డెబ్భై ఏళ్ళు.

అన్నయ్య లేచి ఒక బీరువా తెరిచి కవరు తీశాడు. ఇంకో బీరువా తెరిచి ఇంకోటి తీశాడు. మూడోది కూడా. మూడూ కలిపి పట్టుకున్నాడు.

"నేనడిగింది ఒకటే కదా బాబాయ్."

"మూడూ చదువు. ఇక్కడే కూర్చుని చదువు."

"టైం లేదు. అదొక్కటి ఇటివ్వండి."

"ఇవ్వను," అన్నాడు అన్నయ్య. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ గదిలో ఆ మాట పలకడం అదే మొదలు. తుపాను తెల్లబోయాడు. కవరు పట్టుకుని లాగాడు. అరవై ఏళ్ళ మనిషి, ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు, వదిలితే కదా! "పైకి వెళ్ళి చెబుతాను," అని తుపాను మెట్లెక్కాడు. "పద, నేనూ వస్తున్నా," అని అన్నయ్య వెనకే ఎక్కాడు. నేనూ ఎక్కాను. నా మోకాళ్ళ సంగతి ఆ రోజు నాకే గుర్తు రాలేదు.

ఎడిటర్‌గారు ముందు తుపాను చెప్పింది విన్నారు. తర్వాత అన్నయ్య మూడు కటింగులూ బల్ల మీద వరసగా పరిచాడు. అరెస్టు, కొట్టేసిన కేసు, సవరణ. ఎడిటర్‌గారు మూడూ చదివారు. బుద్ధిమంతుడే, అర్థం చేసుకున్నారు.

"సరే, ఈ రోజు ఆ వార్త ఆపుదాం. తుపాను వెళ్ళి ఆ బస్తాలు ఎవరివో కనుక్కుని వస్తాడు. చాలా?"

"చాలదండీ," అన్నాడు అన్నయ్య. "మనం ఆపుతాం. క్యూలో ఆ మాట ఆగదు. వాళ్ళ నాన్న దొంగ అనే మాట మన పత్రికే ముప్పై ఏళ్ళ కింద పుట్టించింది. అది తప్పని మనమే చెప్పాలి, మొదటి పేజీలో. ఎలా జరిగిందో కూడా చెప్పాలి. నేను రాస్తాను."

"మీరా?"

"పాఠాలు వేస్తున్నారు కదండీ. ఇదీ ఒకటి."

ఎడిటర్‌గారు కిటికీ వైపు చూశారు. కిందటి రోజే ఎవరో రాయి విసిరితే అద్దం పగిలింది, అట్టముక్క అంటించారు. "ఇలాంటి రోజుల్లో మన తప్పు మనమే చాటుకుంటే ఈ ఆఫీసు మీదికి వస్తారండీ. మీ మీదికీ వస్తారు. ఆలోచించారా?"

"ఆ రోజు వాళ్ళ మీదికి వెళ్ళారు కదండీ," అన్నాడు అన్నయ్య.

రాసి నా దగ్గరికే తెచ్చాడు. పదిహేను లైన్లు. ఎక్కడా కన్నీళ్ళు లేవు. ఏ తేదీన ఏ కవరు అడిగారు, తను ఏది ఇచ్చాడు, ఏది ఇవ్వలేదు, ఎందుకు ఇవ్వలేదు, దానివల్ల ఎవరి చేతులు కాలాయి. చివర్న ఇలా ఉంది: "ఆ తొమ్మిది రోజుల్లో ఈ ఊరు చెడ్డదని నేను అనుకోను. అందరికీ ఆకలిగా ఉంది. అందరికీ భయంగా ఉంది. అలాంటప్పుడు మేము వాళ్ళ చేతికి ఒక చిరునామా ఇచ్చాం. ఇప్పుడు కూడా అందరికీ ఆకలిగా, భయంగా ఉంది. ఎవరైనా మీ చేతికి చిరునామా ఇస్తే, రెండో కాగితం ఏదని అడగండి." కింద తన అసలు పేరు. దాన్ని చూసి, ఈయనెవరబ్బా అని ఒక్క క్షణం నేనే తడబడ్డాను.

దిద్దడానికి ఏమీ లేదు. అప్పుడు చెప్పాను, డోరు నంబరు సంగతి. "నా మాట కూడా ఇందులో చేర్చండి అన్నయ్యా," అన్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. తనలాంటి మనిషి ఇంకొకరు పక్క గదిలోనే ఇన్నాళ్ళూ కూర్చుని ఉన్నారని ఇప్పుడే తెలిసినట్టు చూశాడు. "నీ ముక్క నువ్వు రాసుకో అమ్మాయ్," అన్నాడు.

మర్నాడు అది మొదటి పేజీలో వచ్చింది. బస్తాల సంగతి కూడా తుపాను కనుక్కొచ్చి పక్కనే రాశాడు: ఆసుపత్రికీ, అనాథాశ్రమానికీ వెళ్ళే బ్రెడ్డు కోసం వచ్చిన పిండి అది. ఆ రోజు, ఆ మర్నాడు, అన్నయ్య ఫోను పక్కనే కూర్చున్నాడు, రైలుకట్ట వైపు నుంచి ఏ కబురొస్తుందోనని. ఏ కబురూ రాలేదు. ఆ బేకరీ దగ్గర ఏమీ జరగలేదు.

జరిగి ఉండేదా, ఆయన రాసినందువల్లే జరగలేదా అని నన్ను అడిగితే నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. మూడో రోజున పత్రికలు ముందేసుకుని ఆయన నవ్వాడు. "కాలిపోతే కత్తిరించుకోవడానికి వార్త ఉంటుంది అమ్మాయ్. కాలకపోతే ఏం కత్తిరించను?" అన్నాడు. చరిత్ర పాఠాల ప్రొఫెసర్లకు ఈ సంగతి ఎవరన్నా చెబితే బాగుండు. కవర్లలో ఉన్నవన్నీ ఆపలేకపోయినవే. ఆపినవాళ్ళు ఎందరున్నారో, వాళ్ళ పేర్లేమిటో, ఎక్కడా దొరకదు.

ఆఫీసుకు ఉత్తరాలొచ్చాయి. పదకొండింట్లో తొమ్మిది తిట్లే. ఇంకో రెండు అద్దాలు పగిలాయి. యాజమాన్యం నుంచి ఫోనొచ్చింది. ఎడిటర్‌గారు అన్నయ్యను పిలిచి కుర్చీ వేయించి, చాలా మర్యాదగా, ఇక విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఆయన తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఒక్కరం కూడా నోరు మెదపలేదు. నన్నూ కలుపుకునే అంటున్నాను. వీధిలో ఆయన వంగిన వీపు కనపడుతున్నంతసేపూ చూసి, నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఈ మనిషి ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి ఎక్కడికి పోతాడు అని, అదొక్కటే ఆలోచన.

ఎక్కడికీ పోలేదు. వారం తర్వాత వెళ్తే తలుపు తీశాడు. గడ్డం మాసింది, రెండు రోజులుగా సరిగ్గా తినలేదు. ఆ వైపు బేకరీలన్నీ మూసేశారట. తెరిచి ఉన్నది రైలుకట్ట పక్కది ఒక్కటే.

"పదండి," అన్నాను.

"వద్దు అమ్మాయ్. ఆవిడకు నన్ను చూడాలని లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ వీధి తప్పించుకునే తిరుగుతున్నా."

"క్యూలో నిలబడి బ్రెడ్డు కొనుక్కోవడానికి ఆవిడ అనుమతి కావాలా ఏంటి? ఆకలికి చస్తారా?" అని కేకలేశాను. చొక్కా మార్చుకున్నాడు.

రెండు గంటలు నిలబడ్డాం. క్యూలో మేనకోడలు నీళ్ళ బిందె పట్టుకుని వచ్చి వరసగా అందరికీ గ్లాసుతో పోస్తోంది. అన్నయ్య దగ్గరికి రాగానే గుర్తుపట్టింది. ఆయనకు నీళ్ళు పోసి, నా వైపు తిరిగి, "అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. ఏమీ అనలేదు," అని చెప్పి ముందుకు వెళ్ళింది.

వరస కదిలింది. కౌంటర్ దగ్గర ఆవిడ తల ఎత్తకుండా పనిచేస్తోంది. పొట్టి మనిషి, కళ్ళద్దాలు, చేతిలో పొడుగు కత్తి. అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతోంది, జవాబు విని కోసి చుట్టి ఇస్తోంది. ముందున్నావిడ ఐదుగురం అంది. ఆవిడ తర్వాత అన్నయ్య.

"ఇంట్లో ఎంతమంది?"

నేను వెనక నుంచి వీపు మీద పొడిచాను.

"ఒక్కడినే," అన్నాడు.

ఆ గొంతుకు ఆవిడ చేతిలో కత్తి ఆగింది. తల ఎత్తింది. చూసింది. నేను ఇన్నేళ్ళు ఎన్నో ముఖాలు చూశాను గాని, కోపమూ జాలీ ఒకదాన్నొకటి అలా తోసుకోవడం ఎక్కడా చూడలేదు. మాసిన గడ్డం, వదులైన చొక్కా, మెడ దగ్గర ఊడిన గుండీ, అన్నీ చూసింది.

"ఒక్కడివా? ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే, అక్కా."

వెనక నుంచి ఎవరో త్వరగా కానివ్వండి అని అరిచారు. ఆవిడ తల దించుకుని, బ్రెడ్డును సరిగ్గా సగానికి కోసి, కాగితంలో చుట్టి, ఆయన చేతిలో పెట్టింది. ఒక ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. తర్వాత నా వైపు చూసి, ఇంట్లో ఎంతమందని అడిగింది.